మధ్యలో ఆగే హ్యాండిల్

హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఎడమకి తిప్పండి. బరువేం ఉండదు, ఇంజను కింద తాటిదుంగ పెట్టి ముందు చక్రం నేలకి ఆనకుండా లేపేశారు. ఇప్పుడు ఆ కొస నుంచి కుడికి తీసుకురండి. సాఫీగానే వస్తోంది కదా. సరిగ్గా మధ్యకి వచ్చేసరికి టక్కుమని ఆగుతుంది. కాస్త నెడితే దాటుతుంది. వదిలేస్తే మళ్ళీ అక్కడికే వచ్చి కూర్చుంటుంది.

“అదేనండి రోగం,” అంటాడు మేస్త్రి. “గతుకుల్లో వదిలేసినా బండి దానంతటది తిన్నగా పోతందని మాస్టారు మురిసిపోతన్నారు. తిన్నగా పోడం కాదండి, గుంటలో ఇరుక్కుపోయింది.”

మాస్టారు స్టూలు మీద కూర్చుని వింటున్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఈ రేకుల షెడ్డు అమలాపురంలో ఎర్ర వంతెన దాటాక కాలువ పక్కన ఉంది. ఒకవైపు పాత చెయిన్లు, రిమ్ములు, ఇంకోవైపు గోడకి ఆనించిన కొబ్బరి మట్టలు. దుంగ మీద ఉన్నది ఎజ్డీ రోడ్‌కింగ్. 250 సీసీ, ఒకటే సిలిండరు, దానికి రెండు సైలెన్సర్లు. కిక్కు కొట్టే రాడ్డే ముందుకి వాలిస్తే గేరు రాడ్డు అయిపోతుంది, కొత్తగా చూసినవాళ్ళకి అది ఇప్పటికీ వింతే. ముందు మడ్‌గార్డు టైరుకి జానెడు ఎత్తున బిగించి ఉంది, హ్యాండిల్ వెడల్పు, టైర్లకి పెద్ద పెద్ద బొడిపెలు. కంపెనీ దీన్ని ఇలా అమ్మలేదు. దీన్ని తయారు చేసిన ఐడియల్ జావా మైసూరులో 1961లో బండ్లు తయారు చెయ్యడం మొదలుపెట్టిన నాటి నుంచి 1996లో మూతపడేదాకా మన దగ్గర మట్టి పందేల కోసమే పుట్టిన బండి దొరకడం గగనం. అందుకని కుర్రాళ్ళు దొరికినదాన్నే విప్పి, బరువు తగ్గించి, ఎత్తు పెంచి నడిపారు. 1978లో వచ్చిన రోడ్‌కింగ్ దానికి బాగా ఒదిగింది. జావాకి తోడబుట్టిన చెకోస్లోవేకియా కంపెనీ సీజెడ్, మోటోక్రాస్‌లో ప్రపంచాన్ని గెలిచిన పేరు. బెల్జియం రైడరు జోయెల్ రొబేర్ 1964లో 250 సీసీ ప్రపంచ టైటిల్ కొట్టింది సీజెడ్ మీదే. ఆ రక్తం ఎంతో కొంత దీంట్లోనూ ఉందని మాస్టారి నమ్మకం. మేస్త్రికి అలాంటి నమ్మకాలేవీ లేవు, ఆయన చూసేది హ్యాండిల్ తిరిగే హెడ్‌పైపు ఒక్కటే.

కొండా గుట్టా లేని కోనసీమలో మట్టి బండి ఎందుకని మీకు అనిపించొచ్చు. బల్లపరుపు నేలే, నిజమే. కానీ ఇక్కడ మాస్టారు తిరిగేది తారు రోడ్డు మీద కాదు. కాలువ గట్లు, చేల మధ్య డొంకలు, రొయ్యల చెరువుల కట్టలు, వేసవిలో ఎండిన పాయ దాటి లంకల్లోకి పోయే ఇసుక బాటలు. గట్టు మీద పోతున్నప్పుడు ఒక సంగతి గమనించండి. మైళ్ళకి మైళ్ళు హ్యాండిల్ దాదాపు కదలదు. కదలకుండా ఉన్న హ్యాండిల్ మీదే తూముల దగ్గర, లారీ చక్రాల గాళ్ళ దగ్గర ఒకదాని మీద ఒకటి దెబ్బలు. దానికి తోడు చెరువుల ఉప్పునీళ్ళు, రేవులో పంటు పడవ ఎక్కించేటప్పుడు చిమ్మే నీళ్ళు. స్టీరింగ్ బేరింగుకి ఇంతకంటే పగవాళ్ళు అక్కర్లేదు.

పని మొదలైంది. షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడు ముందు చక్రం లాగేశాడు, మడ్‌గార్డు ఊడదీశాడు. హెడ్‌లైటు వైర్లకి రంగు దారాలు కట్టి పక్కకి తోశాడు. హ్యాండిల్‌ని కేబుళ్ళతో సహా టాంకు మీద పరిచిన గోనె మీదకి వాల్చాడు. ఫోర్కు కాళ్ళు రెండూ కిందికి జారాయి. ఇక మిగిలింది పై నట్టు, పై టీ ప్లేటు, దాని కింద బేరింగుని పట్టుకునే సన్న నట్టు. “ఒరేయ్, కింద చెయ్యి పెట్టు,” అంటూనే మేస్త్రి ఆఖరి మర తిప్పాడు. కుర్రాడు కింద కొబ్బరి చిప్ప పట్టుకున్నాడు. హెడ్‌పైపు లోపలి స్టెమ్ కిందికి దిగుతుంటే బేరింగు బాల్సు ఒకటొకటిగా చిప్పలో రాలాయి. రెండు మాత్రం నేల మీద పడి పీచు కుప్పలోకి దొర్లిపోయాయి.

“పోతే పోయాయి, ఎలాగూ మళ్ళీ ఎక్కించేవి కాదు,” అన్నాడు మేస్త్రి. కుర్రాడు మాత్రం వెతుకుతూనే ఉన్నాడు. బుల్లెట్టుకైతే పైన 19, కింద 19, అన్నీ పావు అంగుళానివే అని వాడికి నోటికి వచ్చు. లెక్క తప్పడమంటే వాడికి మనసొప్పదు.

బాల్సు కూర్చునే కింది కోన్‌ని వాడు కిరసనాయిల్లో ముంచి కొబ్బరి పీచుతో తోమి మీ చేతిలో పెడతాడు. వెలుగుకి పట్టి చూడండి. బాల్సు తిరిగే దారి మీద వరసగా, ఒకే దూరంలో, చిన్న చిన్న మెరిసే మచ్చలు. మచ్చలు కావు, గోరుతో గీస్తే గోరు ఆగుతుంది. ప్రతి బాలూ తన కింద తాను ఒక గొయ్యి తవ్వుకుంది. ముందు వైపు గోతులు లోతు, వెనక వైపు తక్కువ, ఎందుకంటే బ్రేకు వేసినా, గుంటలో పడినా బరువంతా ఒక పక్కకే తోస్తుంది. గోళాకారంగా ఉన్న బాలు కోన్‌కి తగిలేది ఒక్క చుక్క దగ్గర. ఆ చుక్క మీద బండీ, మనిషీ, గతుకూ, మూడూ పడతాయి. హ్యాండిల్ బాగా తిరుగుతూ ఉంటే బాల్సు చోటు మారుతూ గ్రీజుని తమతో లాక్కొస్తాయి. తిన్నగా పోయే బండిలో అవి ఒక్కచోటే కూర్చుని సన్నగా వణుకుతాయి. ఆ వణుకుకి గ్రీజు పక్కకి తప్పుకుంటుంది, ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి, ఎర్రటి తుప్పు పొడి వస్తుంది. కోన్ అంచున ఆ ఎరుపు మీకు కనిపిస్తూనే ఉంది.

“కొత్త కోన్ సెట్టు వేస్తే పోదా?” మాస్టారు అడిగారు. బేరం చేసే గొంతు కాదు, పరీక్ష పెట్టే గొంతు.

“పోద్దండి. మళ్ళీ వస్తది. మీరు గట్లు మానేస్తారా చెప్పండి, బాల్సే వేస్తాను.”

మాస్టారు మానరు. అందుకే బల్ల మీద పాలిథిన్ సంచీలో టేపర్ బేరింగులు రెండు ఉన్నాయి.

మేస్త్రి మాటల మనిషి కాదు గానీ చూపించడం తెలుసు. మీరు తాగేసిన టీ గ్లాసు తీసుకుని బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టి వేలితో తోశాడు. గ్లాసు తిన్నగా పోలేదు. సన్నపు అడుగు లోపలి వైపు, వెడల్పు మూతి బయట వైపు ఉంచి గుండ్రంగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ మీ దగ్గరికే వచ్చింది. “లోపల రోలర్లూ ఇంతేనండి. ఒక పక్క సన్నం, ఒక పక్క లావు. జారవు, దొర్లుతాయి.” ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ప్రతి రోలరు వాలునీ గీతగా పొడిగిస్తే అన్నీ స్టెమ్ నడిమి గీత మీద ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. అలా కలిస్తేనే రోలరు రెండు కొసలూ ఈడ్చుకుపోకుండా తిరుగుతాయి. బాలు చుక్క మీద నిలబడితే రోలరు తన పొడవంతా ఒక గీత మీద నిలబడుతుంది. బరువు పరుచుకుంటుంది. పైనుంచి వచ్చే బరువునీ, పక్కనుంచి వచ్చే దెబ్బనీ ఒకేసారి మొయ్యగలదు.

ఇది బండ్ల కోసం పుట్టిన ఊహే, కాకపోతే గుర్రపు బండ్ల కోసం. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో హెన్రీ టిమ్‌కెన్ అనే బగ్గీల తయారీదారు ఉండేవాడు. సరుకు బండి మలుపు తిరిగేటప్పుడు చక్రం మీద పక్కకి పడే తోపుని మామూలు బేరింగులు తట్టుకోలేకపోవడం ఆయన్ని వేధించింది. టేపర్ రోలర్లకి 1898లో పేటెంటు తీసుకున్నాడు. ఈ రోజు లారీ చక్రాల్లో, ట్రాక్టరు హబ్బుల్లో తిరిగేది ఆ ఊహే. కోనసీమలో ఏ ట్రాక్టరు మెకానిక్కుని అడిగినా టేపరు గురించి చెబుతాడు. మోటారు సైకిల్ మెకానిక్కులు దాన్ని చేతిలోకి తీసుకోవడమే ఆలస్యమైంది.

తరవాతి మాట కొంచెం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పాత బండికి టేపరు కావాలని కొట్టుకెళ్ళి బండి పేరు చెప్పి నంబరు అడక్కూడదు. కొలిచి అడగాలి. నలభై ఏళ్ళు తిరిగిన బండిలో కంపెనీ కొలత ఎంత మిగిలిందో, మధ్యలో ఎవరు ఏం కోశారో బండికే తెలుసు. మేస్త్రి వెర్నియర్ పెట్టి స్టెమ్‌ని మూడు చోట్ల, హెడ్‌పైపు లోపలి బోరుని పైనా కిందా అడ్డంగానూ నిలువుగానూ కొలిచాడు. కుర్రాడు గోడ మీద సుద్దతో రాశాడు. ఆ గోడ ముందే మాస్టారు పాఠం మొదలెట్టారు. “బేరింగు నంబరులో ఆఖరి రెండంకెలు చూడు. 30205 అయితే సున్నా అయిదు. అయిదుతో గుణించు.” “ఇరవై అయిదండి.” “అదే లోపలి బోరు మిల్లీమీటర్లలో. 04 నుంచి పైన అన్నిటికీ ఇదే లెక్క.” 30205కి బయటి వెడల్పు 52, మందం 16.25. అదే 25 బోరులో 32005 అయితే బయట 47, మందం 15. లోపల ఒకటే అయినా బయట తేడా. హెడ్‌పైపులో ఏది ఒదుగుతుంది, ఎంత చోటు మిగులుతుంది, ఎంత లోతు కూర్చోవాలి అన్నది అంతా ఆ అయిదారు మిల్లీమీటర్ల మీద ఉంది. మందం ఇంకా ముఖ్యం. బాల్సు కప్పు కంటే టేపరు మందంగా ఉంటే స్టెమ్ పైకి తక్కువ తేలుతుంది, పై నట్టుకి మర చాలదు. రెండు మరల మీద వేలాడే నట్టుని నమ్మి గట్టెక్కకండి.

ఈ బండికి బేరింగు లోపల సరిపోయింది, బయట వదులు. లేతు పని తప్పదు. లేతు షాపు నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. ఇనుప రౌండు ముక్కని చక్‌లో పట్టి లేతాయన రెండు బుష్‌లు తీస్తున్నాడు. నీలం రంగు తిరిగిన ఇనుప తురుము చుట్టలు చుట్టుకుంటూ ఆయన కాళ్ళ దగ్గర పడుతోంది, చెప్పులతో అటు వెళ్ళకండి. బుష్ బయట హెడ్‌పైపులోకి బిగువుగా దిగాలి, లోపల బేరింగు బయటి రింగుకి, అంటే రేసుకి, బిగువుగా ఉండాలి. మరీ బిగిస్తే రేసు నలుగుతుంది, రోలర్లు తిరిగే దారి గుండ్రం చెడుతుంది. వదులైతే రేసు తనే తిరగడం మొదలుపెడుతుంది. బిగువు అంటే మిల్లీమీటరులో వందో వంతులు రెండో మూడో. పైనా కిందా రెండు బోర్లూ ఒకే గీత మీద ఉండాలి. అందుకని లేతాయన ఒక పొడుగాటి రాడ్డుని సరిగ్గా ఆ సైజుకి తీసి, రెండు బుష్‌ల గుండా దూర్చి చూశాడు. అది అడ్డం లేకుండా దూరేదాకా ఒప్పుకోలేదు. బాల్సయితే కొంచెం వంకర ఉన్నా సర్దుకుపోతాయి. టేపరు సర్దుకోదు. వాలు ఒక్క పిసరు తేడా వచ్చినా రోలరు ఒక అంచు మీదే నడుస్తుంది, పరుచుకోవాల్సిన బరువు మళ్ళీ ఒక్క చోటికే చేరుతుంది. బాల్సు మీద టేపరు గొప్పని వాదించేవాళ్ళు ఈ మాట చెప్పరు. సరిగ్గా వెయ్యని టేపరు కంటే కొత్త బాల్సే నయమని నా అభిప్రాయం. ఊళ్ళో తిరిగే ఆర్ఎక్స్ 100కి ఈ ఖర్చంతా ఎందుకో కూడా నాకు అర్థం కాదు.

లేతాయన చేసిన ఇంకో చిన్న పని చూడండి. బుష్ గట్టులో ఎదురెదురుగా రెండు గాళ్ళు కోశాడు. ఎందుకంటే రేపెప్పుడైనా ఈ రేసుని విప్పాలంటే వెనక నుంచి పంచి ఆనడానికి అంచు కావాలి. అది లేని బండ్లలో రేసు లోపల వెల్డింగు పూస ఒకటి పోసి వదిలేస్తారు. చల్లారేటప్పుడు ముడుచుకుని దానంతటదే వదులవుతుంది. పని అవుతుంది గానీ, దానికి వెల్డింగు మిషను దాకా పోవాలి. గాడికి సుత్తి చాలు.

మధ్యాహ్నానికి షెడ్డు బయట థర్మకోల్ పెట్టె వచ్చింది. రొయ్యలకి వాడే ఐసు. ఈ ఊళ్ళో ఐసుకి కరువు లేదు. రేసులు రెండూ పాలిథిన్‌లో చుట్టి దాంట్లో పూడ్చిపెట్టారు. ముప్ఫై డిగ్రీల తేడాకి 52 మిల్లీమీటర్ల ఉక్కు రింగు ముడుచుకునేది మిల్లీమీటరులో వందో వంతులు దాదాపు రెండు. కంటికి కనపడదు, సుత్తికి తెలుస్తుంది. మేస్త్రి బ్లో లాంపుతో హెడ్‌పైపుని పెయింటు కమలకుండా దూరం నుంచి వేడి చేశాడు. ఐసులోంచి రేసు తీసి, తడి తుడిచి, వెడల్పు నోరు బయటికి వచ్చేట్టు పెట్టి, పైన పాత కోన్ కప్పు బోర్లించి సుత్తి అందుకున్నాడు. పాత కప్పు బయటి అంచు ముందే గ్రైండరుకి పట్టి సన్నం చేసి ఉంచాడు, లేకపోతే అదీ లోపల ఇరుక్కుంటుంది.

చెవి పెట్టండి. మొదటి దెబ్బలు మెత్తగా ఉన్నాయి. ఒక పక్కకి వాలకుండా చుట్టూ తిప్పుతూ కొడుతున్నాడు. దెబ్బ దెబ్బకీ శబ్దం కొంచెం బిగుసుకుంటోంది. ఉన్నట్టుండి ఠంగుమంది. రేసు అడుగుకి తగిలింది. ఇంకో దెబ్బ అక్కర్లేదు, మేస్త్రి వెయ్యలేదు కూడా.

కింది బేరింగు లోపలి భాగం స్టెమ్ మీదకి ఎక్కాలి. “ముందు ఏం వెయ్యాల్రా?” అని మేస్త్రి చేతిలోని గొట్టం ఆపేశాడు. కుర్రాడు బేరింగు వైపు చూశాడు, మాస్టారి వైపు చూశాడు. “వాషరు బాబాయ్.” దుమ్మూ నీళ్ళూ రాకుండా కింద కూర్చునే రబ్బరు వాషరు. అది వెయ్యకుండా బేరింగు దిగ్గొడితే మళ్ళీ ఊడదియ్యాలి. ఊడదీసిన బేరింగు మళ్ళీ వాడుకోగలరో లేదో చెప్పలేం. వాషరు దిగాక గొట్టం లోపలి అంచు మీదే ఆనించి కొట్టారు, రోలర్ల గూడుకి తగలనివ్వలేదు. సన్నపు వైపు పైకి. పై బేరింగు సన్నపు వైపు కిందికి. రెండూ హెడ్‌పైపు లోపల ఒకదానికొకటి ఎదురు చూసుకుంటాయి.

గ్రీజు పట్టించడం చేత్తోనే. ఎడమ అరచేతిలో ముద్ద పెట్టుకోండి, బేరింగు వెడల్పు అంచుతో దాన్ని నొక్కి గీకండి. అవతల సన్నపు అంచున, రోలర్ల మధ్య నుంచి పసుపు రంగు గ్రీజు పురుగులుగా బయటికి వచ్చేదాకా. తిప్పి మళ్ళీ. పైన పూస్తే సరిపోదు, లోపలికి దూరాలి. హెడ్‌పైపు లోపల గోడలకీ పూశారు. ఉప్పుగాలికి తుప్పు పట్టేది అక్కడే.

ఇప్పుడు అసలు పని. స్టెమ్ కింది నుంచి లోపలికి, పై బేరింగు, మూత, సన్న నట్టు. మేస్త్రి పానాతో నట్టుని గట్టిగానే బిగించి కింది టీని ఈ కొస నుంచి ఆ కొసకి పదే పదే తిప్పాడు. రోలర్లు తమ చోట్లో కూర్చోవడానికి. తరవాత నట్టు పూర్తిగా వదిలేశాడు. మళ్ళీ వేళ్ళతో బిగించి, పానాతో ఇంకాస్త. ఫోర్కు కాళ్ళు ఎక్కించాక మిమ్మల్ని కూర్చోమన్నాడు. ఫోర్కుల అడుగులు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. కింది టీకీ హెడ్‌పైపుకీ మధ్య సందులో వేలు పెట్టి ఉంచండి. ఏ మాత్రం టిక్కుమన్నా వేలికి తెలుస్తుంది. తెలియడం లేదు. మంచిదే, కానీ సగమే అయింది. ప్లే పోయినంత మాత్రాన బిగింపు కుదిరినట్టు కాదు, ఎక్కువైనా ప్లే పోతుంది. చక్రం ఎక్కించాక ఫోర్కుని మధ్యలో నిలిపి వదిలారు. కేబుళ్ళు ఎక్కడా లాగకుండా చూసుకున్నారు. చిన్నగా తడితే ఫోర్కు తన బరువుకి తానే ఎడమకి వాలి కొసదాకా పోయింది. కుడికీ అంతే. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

“అయిపోయినట్టేనా?” అంటే మేస్త్రి నవ్వాడు. పై టీ ప్లేటు వేసి, పెద్ద నట్టు బిగించి, మళ్ళీ తట్టాడు. ఈసారి ఫోర్కు సగంలోనే బద్ధకించింది. పై నట్టు కింది నట్టుని అదుముతుంది, బిగింపు మారిపోతుంది. విప్పి, సన్న నట్టుని కాసింత వెనక్కి తిప్పి, మళ్ళీ పైది బిగించి, మళ్ళీ తట్టి. మళ్ళీ. ఈ పని ఎవరికీ కనపడదు, దీనికి బిల్లులో పేరు ఉండదు. తొందరలో ఉన్న మెకానిక్కు దీన్నే వదిలేస్తాడు. అప్పుడు బండి మెల్లగా పోతుంటే పాములా మెలికలు తిరుగుతుంది, నడిపేవాడు ప్రతి గజానికీ సర్దుకుంటూ ఉండాలి. చివరికి టేపరు మంచిది కాదని ఊరంతా చెబుతాడు.

ఎండ తగ్గాక మాస్టారు కిక్కు కొట్టారు. నీలం పొగ రేకుల కిందికి చేరింది. వెనక సీటు మీద మీరు. అయినవిల్లి మీదుగా ముక్తేశ్వరం. రోడ్డు మీద తేడా ఏం తెలియదు. మాస్టారు బ్రేకు వేసినప్పుడు ముందు వినిపించే కటక్ మనే చప్పుడు మాత్రం లేదు. రేవు దగ్గర బండి ఇసుకలోకి దిగింది. ఇసుకలో ముందు చక్రం తన ఇష్టం వచ్చినట్టు తిరగాలనుకుంటుంది. పాత బేరింగుతో అయితే అది మధ్యలో ఇరుక్కుని, అక్కణ్ణించి ఎగిరి దూకేది, మాస్టారి మోచేతులు దాన్ని పట్టి ఆపాల్సి వచ్చేది. ఇప్పుడు హ్యాండిల్ ఆయన చేతుల్లో సన్నగా అటూ ఇటూ ఆడుతోంది, ఆయన ఆడనిస్తున్నారు. గౌతమి అవతల కోటిపల్లి. పంటు ఇంకా రాలేదు. మాస్టారు బండిని నీటి అంచు దాకా తీసుకెళ్ళి, ఒంటి చేత్తో గుండ్రంగా తిప్పి, తన గీతలోనే వెనక్కి వచ్చారు.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి మేస్త్రి ఇంకో బండి విప్పుతున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు. “రెండు మూడొందల కిలోమీటర్లు తిరగండి, మళ్ళీ తీసుకురండి. రేసులు ఇంకా కొంచెం దిగుతాయి, నట్టు ఒకసారి సర్దాలి. ప్రెషర్ వాష్ కొట్టించొద్దండి మాస్టారూ, పైప్ నోరు హెడ్ మీద అస్సలు పెట్టనివ్వొద్దు. వానలు వెళ్ళాక ఒకసారి గ్రీజు మారుద్దాం.”

“డబ్బులు?”

“లేతాయనకి ఇచ్చెయ్యండి ముందు. ఆయన ఎదురు చూస్తన్నాడు.”